పెద్దవాళ్ళకు కళ్ళు తిరుగుతుంటే: మాత్రల కంటే ముందు అడగాల్సిన పరీక్ష

నెలల తరబడి కళ్ళు తిరుగుతున్నాయని ఆసుపత్రుల వెంట తిరిగిన డెబ్బై ఏళ్ళ మనిషి ఫైలు తెరవండి. మెడ ఎక్స్‌రే ఉంటుంది, మెదడు ఎమ్మారై ఉంటుంది, ఈసీజీ, షుగరు, థైరాయిడు రిపోర్టులుంటాయి. నాలుగైదు చీటీల మీద కళ్ళు తిరుగుడుకు రాసే బీటాహిస్టిన్ మాత్ర ఉంటుంది, రోజుకు మూడుసార్లు 8 మిల్లీగ్రాములతో మొదలై 16కి చేరి. మెడ పట్టీ కొన్న బిల్లు కూడా ఉండొచ్చు. చాలా ఫైళ్ళలో లేనిది ఒక్క వాక్యం: మంచం మీద కూర్చోబెట్టి, తల పక్కకు తిప్పి, వెనక్కి పడుకోబెట్టి కళ్ళు చూశాం అని. ఆ పరీక్ష పేరు డిక్స్-హాల్‌పైక్. 1952లో డిక్స్, హాల్‌పైక్ అనే ఇద్దరు వైద్యులు దాన్ని వివరించారు. యంత్రం అక్కర్లేదు, రెండు పక్కలా కలిపి ఐదు నిమిషాల పని. పెద్ద వయసులో కళ్ళు తిరగడానికి అతి సాధారణ కారణమైన లోచెవి జబ్బును పట్టించేది ఈ పరీక్షే. ఇది చెయ్యకుండా స్కాన్‌కు పంపడం, ఇది చెయ్యకుండానే నెలల కొద్దీ మాత్రలు వాడించడం తలకిందుల వరస. డాక్టర్లకు తీరిక లేదు నిజమే. ఓపీలో ఒక్కో మనిషికి దక్కేది మూడు నిమిషాలు. అందుకే వరస సరిచేసే పని ఇంట్లోవాళ్ళు మీద వేసుకోవాలి.

ఆ పని ఆసుపత్రిలో కాదు, ఇంట్లో మొదలవుతుంది. పెద్దవాళ్ళను ఎలా ఉందని అడిగితే జవాబు పూటకొకలా వస్తుంది: తల తేలిపోతోంది, భూమి తిరుగుతోంది, దిమ్ముగా ఉంది, అడుగు సరిగ్గా పడటం లేదు. ఈ వర్ణనలను పట్టుకుంటే దారి తప్పుతాం. జబ్బును తేల్చేవి మూడు సంగతులు. తిరుగుడు ఒక్కోసారి ఎంతసేపు ఉంటోంది, ఏం చేస్తే వస్తోంది, మధ్యలో మనిషి మామూలుగా ఉంటున్నారా లేదా. ఒక వారం పాటు కాగితం మీద రాయండి. ఎంతసేపు అన్నచోట మాత్రం జాగ్రత్త. "పొద్దుటి నుంచీ తిరుగుతూనే ఉంది" అంటారు. గుచ్చి అడిగితే అసలు తిరిగింది అర నిమిషం. మిగతాదంతా వికారం, భయం, మళ్ళీ వస్తుందేమోనని కదలకుండా కూర్చోవడం. ఆ అర నిమిషాన్ని రోజంతా అని డాక్టరుకు చెబితే ఆయన ఆలోచన ఇంకో జబ్బు వైపు పోతుంది.

మంచం మీద పడుకునేటప్పుడు, పక్కకు ఒత్తిగిల్లేటప్పుడు, అటక మీది డబ్బా కోసం తలెత్తినప్పుడు, ముగ్గు వెయ్యడానికి వంగినప్పుడు నిమిషంలోపు గిర్రున తిరిగి ఆగిపోతుంటే అది చాలావరకు మొదట చెప్పిన లోచెవి జబ్బే. దాని పేరు బీపీపీవీ, అంటే తల కదిలినప్పుడు వచ్చే, ప్రాణాపాయం లేని తిరుగుడు. లోచెవిలో యుట్రికిల్ అనే సంచిలో కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు అతుక్కుని ఉంటాయి. వయసు మీదపడ్డాకో, తలకు దెబ్బ తగిలాకో, చాలాకాలం మంచాన పడ్డాకో కొన్ని ఊడి అర్ధవర్తుల కుల్యల్లోకి, అంటే పక్కనే వంపు తిరిగి ఉండే సన్నని గొట్టాల్లోకి జారుతాయి. ఎక్కువసార్లు వెనక కుల్యలోకే, ఎందుకంటే నిలబడినా పడుకున్నా అది అన్నిటికన్నా కిందుంటుంది. తల వంచినప్పుడు బిందె అడుగున ఇసుక జరిగినట్టు అవి జరిగి లోపలి ద్రవాన్ని లాగుతాయి. తల కదలడం ఆగినా, ఇంకా తిరుగుతోందని చెవి మెదడుకు చెబుతుంది. స్ఫటికాలు అడుగు చేరగానే తిరుగుడు ఆగుతుంది. ఈ జబ్బుకు మాత్ర ఎందుకు పనిచెయ్యదో ఇక్కడే తెలిసిపోతుంది: చోటు తప్పిన స్ఫటికాలను ఏ మందూ వెనక్కి తీసుకెళ్ళలేదు.

ఇక్కడ మెడ నరాల సంగతి తేల్చుకోవాలి. మన దగ్గర కళ్ళు తిరగడమంటే సగం మందికి స్పాండిలోసిస్. అరవై దాటిన ఎవరికి మెడ ఎక్స్‌రే తీసినా ఎముకల అరుగుదల కనిపిస్తుంది, కళ్ళు తిరిగినా తిరక్కపోయినా. కాబట్టి ఆ ఎక్స్‌రే దేన్నీ రుజువు చెయ్యదు. ఇంట్లోనే చూడగల ఆధారం ఒకటుంది. రాత్రి పక్క మీద మెడ, ఒళ్ళు ఒకే వరసలో కలిపి దొర్లినా తిరుగుతోందా? అప్పుడు మెడ మెలిపడలేదు, చెవి మాత్రం తిరిగింది. అలా వస్తే నేరం చెవిదే. మెడ పట్టీ నెలల తరబడి కడితే మెడ కండరాలు బలహీనపడతాయి. నిలకడ కోసం మెదడుకు మెడ నుంచి అందే సమాచారం కూడా తగ్గి నడక ఇంకా తడబడుతుంది.

పడుకుంటే రాదు, లేచి నిలబడితేనే వస్తుంది, కళ్ళ ముందు చీకటి కమ్ముతుంది అంటే చూడాల్సింది బీపీని. కుర్చీలో కూర్చోబెట్టి కొలిచే బీపీ ఇక్కడ దేనికీ పనికిరాదు. ఐదు నిమిషాలు పడుకోబెట్టి కొలవండి, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్ళీ కొలవండి. పై అంకె 20 గాని కింది అంకె 10 గాని పడిపోతే కారణం దొరికినట్టే. అప్పుడు మందుల పెట్టె తెరవాలి. ఒకే మాత్రలో కలిపిన మూడు బీపీ మందులు, ప్రోస్టేట్ కోసం రాత్రిపూట వేసుకునే టామ్సులోసిన్, నరాల మంటకు ఇచ్చే అమిట్రిప్టిలిన్, మూత్రం ఎక్కువ పోయించే మందు, వీటిలో ఏ రెండు కలిసినా నిలబడ్డప్పుడు బీపీని కూలదోయగలవు. గ్లైమిపిరైడో ఇన్సులినో వాడేవాళ్ళకు తిరుగుతున్న క్షణంలోనే షుగరు చూడాలి, గంట తరవాత కాదు. మందులు మీరే ఆపకండి. కొలతలు రాసిన కాగితాన్ని ఆ మందులు రాసిచ్చిన డాక్టరు ముందు పెట్టండి.

ఇంట్లో కూర్చుని లెక్కలు వెయ్యకూడని సందర్భమూ ఉంది. జీవితంలో మొదటిసారి, ఉన్నట్టుండి, గంటల తరబడి ఆగకుండా తిరుగుతుంటే, దానితో ఒకటి రెండుగా కనిపించినా, మాట ముద్దైనా, మింగలేకపోయినా, ఒక పక్క మొద్దుబారినా, ఎప్పుడూ లేనంత తలనొప్పి గాని మెడనొప్పి గాని వచ్చినా, ఆసరా లేకుండా కూర్చోలేకపోయినా అది చిన్న మెదడుకో మెదడు కాండానికో వచ్చిన పక్షవాతం కావచ్చు. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా నాలుగున్నర గంటల లోపే అవకాశం. సీటీ నార్మల్ అంటే ఊరట చెందవద్దు. తల వెనక భాగంలో వచ్చే ఇలాంటివి సీటీలో చాలావరకు దొరకవు. మొదటి ఒకటి రెండు రోజుల్లో చిన్నవి ఎమ్మారైకి కూడా చిక్కకపోవచ్చు. ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోయినా ఆ రోజే ఈఎన్‌టీ దగ్గరికి వెళ్ళాలి. స్టెరాయిడ్లు మొదటి రెండు వారాల్లో ఇస్తేనే ఫలితం దక్కే అవకాశం ఎక్కువ.

స్కాన్లంటే నాకు విరోధం లేదు, ఎప్పుడు కావాలో అన్నదే గొడవ. లక్షణాలూ డిక్స్-హాల్‌పైక్ పరీక్షా బీపీపీవీ అని స్పష్టంగా చెబుతుంటే స్కాన్ అక్కర్లేదని అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం 2017 మార్గదర్శకాల్లో రాసింది. తిరుగుడును అణిచే మాత్రలు మామూలుగా ఇవ్వవద్దనీ అందులోనే ఉంది. అక్కర్లేని స్కాన్‌తో ఇంకో చిక్కు. వయసు రీత్యా మెదడు కొంచెం కుంచించుకుందనో, చిన్న రక్తనాళాల్లో మార్పులున్నాయనో రిపోర్టు వస్తుంది. ఆ వయసులో చాలామందికి అవి ఉంటాయి. ఇంట్లోవాళ్ళు వణికిపోతారు, జబ్బు పేరు మారిపోతుంది, చెవి సంగతి అందరూ మరిచిపోతారు.

ఇక మాత్రలు. వర్టిన్ పేరుతో ఇంటింటా తెలిసిన బీటాహిస్టిన్ ముఖ్యంగా మెనియర్స్ అనే ఇంకో లోచెవి జబ్బు కోసం వచ్చిన మందు. ఆ మెనియర్స్‌లోనే 221 మందిపై తొమ్మిది నెలలు జరిగిన జర్మన్ పరీక్ష 2016లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది: రోజుకు 48 మిల్లీగ్రాములిచ్చినా 144 ఇచ్చినా ఉత్తుత్తి మాత్ర కంటే తిరుగుడు తగ్గలేదు. పెద్ద హాని లేని మందే అయినా, దానివల్ల పోయే కాలం హాని చేస్తుంది. స్టెమెటిల్ అని పిలిచే ప్రోక్లోర్‌పెరజిన్, స్టుజెరాన్ అని పిలిచే సినరిజిన్ సంగతి ఇంతకన్నా కష్టం. వాంతులు ఆగని మొదటి రెండు మూడు రోజులు ఇవ్వాల్సినవే. వారాలు, నెలలు సాగితే పెద్దవాళ్ళలో చేతులు వణకడం, ముఖంలో కదలిక తగ్గడం, అడుగులు చిన్నవైపోవడం మొదలవుతాయి. అప్పుడు పార్కిన్సన్స్ అని ఇంకో మందు చేరుతుంది. పైగా ఇవి మెదడు తనంతట తాను సర్దుకునే పనికి అడ్డుపడతాయి. కొత్తగా వణుకు వచ్చిన పెద్దాయన చీటీలో ఈ రెండు పేర్లున్నాయేమో ముందు వెతకండి.

పరీక్ష ఎలా జరగాలో తెలిస్తే, జరిగిందో లేదో మీకే అర్థమవుతుంది. తిరుగుడును అణిచే మాత్రలు ఒకటి రెండు రోజుల ముందు నుంచి ఆపవచ్చా అని డాక్టరును ఫోన్లో అడగండి. అవి కళ్ళలో కనిపించాల్సిన కదలికను కప్పేస్తాయి. కడుపు నిండా తిని వెళ్ళవద్దు. మంచం మీద కాళ్ళు చాపి కూర్చోబెడతారు. తల కుడికి 45 డిగ్రీలు తిప్పి, అలాగే పట్టుకుని, చురుగ్గా వెనక్కి పడుకోబెడతారు. తల మంచం అంచు దాటి 20 డిగ్రీలు కిందికి వాలాలి. కళ్ళు తెరిచే ఉంచాలి. ఇక్కడే చాలామంది భయపడి కళ్ళు మూసుకుంటారు, దాంతో పరీక్ష చెడుతుంది. కొన్ని సెకన్లు ఏమీ ఉండదు, తరవాత కనుగుడ్లు గుండ్రంగా మెలితిరుగుతూ నుదుటి వైపుకు కొట్టుకుంటాయి, నిమిషంలోపు ఆగిపోతాయి. అలా వస్తే కిందికున్న చెవిలోని వెనక కుల్యే కారణం. ఎడమ పక్కా చూడాలి. కళ్ళు కేవలం కిందికి కొట్టుకున్నా, పడుకోబెట్టగానే మొదలై ఎంతసేపటికీ ఆగకపోయినా అది చెవి జబ్బు కాకపోవచ్చు. ఎమ్మారై అడగాల్సింది ఇలాంటప్పుడు.

గూని ఉన్నవాళ్ళకు, మెడ వెనక్కి వంగనివాళ్ళకు భుజాల కింద దిండు పెడితే తల దానంతటదే వాలుతుంది, మంచం అంచుతో పనిలేదు. అదీ కుదరకపోతే పక్కకు పడుకోబెట్టి చేసే రకం ఉంది. మెడ ఆపరేషన్ అయినవాళ్ళు, మెడ దాకా పాకిన కీళ్ళవాతం ఉన్నవాళ్ళు, మెడ రక్తనాళం బాగా పూడుకుపోయినవాళ్ళు, ఈ మధ్యే కంటి రెటీనా ఊడినవాళ్ళు ఆ మాట ముందే చెప్పాలి. వాళ్ళకు ఇంట్లో ప్రయత్నం అసలు వద్దు.

కుడి చెవి అని తేలితే వైద్యం ఆ మంచం మీదే మొదలవుతుంది. దాని పేరు ఎప్లీ పద్ధతి. అమెరికాలోని పోర్ట్‌లాండ్ వైద్యుడు జాన్ ఎప్లీ 1992లో ప్రచురించాడు. కుడికి తిప్పి వాల్చిన తలను తిరుగుడు ఆగేదాకా, ఆగాక ఇంకో అర నిమిషం అలాగే ఉంచాలి. తల ఎత్తకుండా ఎడమకు 90 డిగ్రీలు తిప్పి నిమిషం ఆగాలి. తరవాత ఒళ్ళంతా ఎడమ పక్కకు దొర్లించి, దానితోపాటు తలను ఇంకో 90 డిగ్రీలు తిప్పాలి, ముక్కు నేల వైపు చూసేంతగా. మళ్ళీ నిమిషం. చివరగా గడ్డం దించి ఉంచి, కాళ్ళు కిందికి వేసి, ఎడమ పక్కనుంచే లేపి కూర్చోబెట్టాలి. ఈ లేచే ఘడియలో ఎవరో విసిరేసినట్టు ఒక్కసారి లాగవచ్చు. భుజాలు పట్టుకోవడానికి ఒక మనిషి తప్పనిసరి. రెండు నిమిషాలు వదలకూడదు. ఎడమ చెవికైతే ఇదంతా తిరగేసి.

బెడిసికొట్టే చోట్లు కొన్నే. తల ఎడమకు తిప్పేటప్పుడు పైకి లేస్తుంది, స్ఫటికాలు వెనక్కి పోతాయి. ముక్కు నేల వైపు చూడదు, గోడ వైపు చూస్తుంది. తిరుగుడు భరించలేక మధ్యలో లేచి కూర్చుంటారు. అన్నిటికన్నా ఎక్కువగా, ఏ చెవో తేల్చుకోకుండా రెండో చెవికి చేస్తారు. అమెరికాలో ఉన్న కొడుకు వీడియో కాల్లో యూట్యూబ్ చూసి అమ్మతో చేయించే ఎప్లీ తరచుగా ఇలాగే పోతుంది. దూరాన ఉన్నవాళ్ళకు నిజంగా చేతనైన సాయం వేరే ఉంది. తిరుగుతున్నప్పుడు ఫోనుతో దగ్గరనుంచి రెండు కళ్ళూ అర నిమిషం వీడియో తీయించండి. కళ్ళు పెద్దవిగా తెరిచి ఉండాలి, గదిలో వెలుగుండాలి, తల ఏ పక్కకు ఉందో పైకి చెప్పాలి. పది రిపోర్టులు చెప్పలేనిది ఆ ముక్క చూసిన నిపుణుడు చెప్పగలడు.

ఒక్కసారి సరిగ్గా చేస్తేనే ఎక్కువమందికి తగ్గుతుంది. తగ్గకపోతే అదే విడతలో రెండు మూడుసార్లు, వారం తరవాత మళ్ళీ పరీక్ష. చేశాక రెండు రోజులు కూర్చుని నిద్రపోవాలి, పట్టీ కట్టుకోవాలి అన్న పాత షరతులకు ఇప్పుడు ఆధారం లేదు. ఆ రాత్రి మామూలుగా పడుకోవచ్చు. సరిగ్గా చేసినా ఎప్లీ పనిచెయ్యకపోతే స్ఫటికాలు వెనక కుల్యలో కాక అడ్డంగా ఉండే కుల్యలో ఉన్నాయేమో చూడమనండి: వెల్లకిలా పడుకోబెట్టి తల అటూ ఇటూ తిప్పితే కళ్ళు అడ్డంగా కొట్టుకుంటాయి, తిరుగుడు ఇంకా ఉధృతం. దానికి మనిషిని 90 డిగ్రీల చొప్పున పూర్తిగా దొర్లించే పద్ధతి ఉంది.

పరీక్షలో ఏమీ రాకపోతే? ఇరవై నిమిషాల నుంచి కొన్ని గంటలు తిరిగి, అప్పుడే ఒక చెవిలో హోరు, దిబ్బడ, వినికిడి తగ్గుదల ఉంటే మెనియర్స్. ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్ష కావాలి, ఉప్పు తగ్గించాలి, ఆవకాయతో సహా. యవ్వనంలో పార్శ్వపు నొప్పి ఉండి ఇప్పుడు నొప్పి లేకుండా తిరుగుతుంటే మైగ్రేన్ ఆ రూపంలో వచ్చిందేమో అడగాలి. క్షయకు స్ట్రెప్టోమైసిన్ గాని, ఇన్ఫెక్షన్‌కు జెంటామైసిన్ గాని ఇంజెక్షన్లు పడ్డాక చీకట్లో నడవలేకపోవడం, నడుస్తుంటే దుకాణాల బోర్డులు ఊగినట్టు కనిపించడం ఉంటే రెండు చెవుల నిలకడ శక్తీ దెబ్బతిని ఉండొచ్చు. ఏళ్ళుగా మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళలో, శాకాహారుల్లో బీ12 తగ్గి కాళ్ళు మొద్దుబారి తూలడం మామూలే.

మూడు నెలలు దాటి, దాదాపు రోజూ, నిలబడితే ఊగినట్టు, సంతలోనో సూపర్ మార్కెట్ అరల మధ్యనో మరీ ఎక్కువగా ఉంటే దాన్ని పీపీపీడీ, అంటే వదలకుండా ఉండిపోయే తూలుడు జబ్బు అంటారు. నిర్ధారణకు నియమాలు 2017లోనే స్థిరపడ్డాయి, అందుకే చాలామంది డాక్టర్లకు కొత్త. మొదట బీపీపీవీయో ఇంకోటో వచ్చి తగ్గిపోతుంది. పడతానేమోనన్న కాపలా మాత్రం మెదడులో మిగిలిపోతుంది. "అంతా మీ భ్రమ" అని పంపేసేది ఎక్కువగా వీళ్ళనే. భ్రమ కాదు, వైద్యం ఉంది: నిలకడ వ్యాయామాలు, అవసరమైతే దిగులుకు, ఆందోళనకు వాడే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందు, తక్కువ మోతాదులో మొదలుపెట్టి. వ్యాయామం తేలిగ్గానే కనిపిస్తుంది. చెయ్యి చాపినంత దూరంలో ఒక అక్షరం రాసిన కార్డు పెట్టుకుని, చూపు దానిమీదే నిలిపి, తలను అటూ ఇటూ ఒక నిమిషం ఆడించాలి, అక్షరం మసకబారనంత వేగంతో. తరవాత గది మూలలో గోడలకు వీపు పెట్టి, ఎదురుగా కుర్చీ ఉంచుకుని, పాదాలు దగ్గరగా పెట్టి నిలబడాలి. అది కుదిరాక కళ్ళు మూసుకుని. రోజుకు మొత్తం ఇరవై నిమిషాలు, నాలుగు నుంచి ఆరు వారాలు. చేస్తున్నప్పుడు కాస్త తిరగాలి. ఏమీ తిరగకపోతే వ్యాయామం మెదడును కదిలించలేదన్నమాట. అరగంట దాటినా తగ్గకపోతే ఎక్కువైందన్నమాట. మొదటి వారం కష్టంగా ఉందని మానేసేవాళ్ళే ఎక్కువ.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి అన్నదానికి జవాబు పెద్ద పేరున్న ఆసుపత్రి కానక్కర్లేదు. అపాయింట్‌మెంట్ తీసుకునేముందు ఫోన్ చేసి, "డిక్స్-హాల్‌పైక్ మీరే చేస్తారా, ఎప్లీ అక్కడే చేస్తారా?" అని అడగండి. తడబడితే ఇంకోచోట అడగండి. హైదరాబాదు కోఠిలో, విశాఖలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రులున్నాయి; వాటిలోనూ ఇదే అడగాలి. పక్షవాతపు గుర్తులుంటే తప్ప మొదటి మెట్టు ఈఎన్‌టీయే. న్యూరాలజిస్టు దగ్గరికే వెళ్ళినా ఫరవాలేదు, ఆయన మనిషిని పడుకోబెట్టి చూస్తే చాలు.

బీపీపీవీ మళ్ళీ వచ్చే జబ్బు. ఐదేళ్ళలో సగం మందికి దాకా తిరగబెడుతుంది. రెండోసారి కూడా పరీక్ష నుంచే మొదలుపెట్టాలి, చెవి మారి ఉండొచ్చు. విటమిన్ డీ కొలిపించడం దండగ కాదు. దక్షిణ కొరియాలో జరిగి 2020లో వెలువడిన పరీక్షలో, డీ స్థాయి రక్తం మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల కంటే తక్కువున్న వాళ్ళకు 400 యూనిట్ల డీ, 500 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ రోజుకు రెండుసార్లు ఇస్తే తిరగబెట్టడం దాదాపు నాలుగో వంతు తగ్గింది. మన దగ్గర రాసేది 60,000 యూనిట్ల సాషే, వారానికొకటి. దాన్ని ఎవరూ ఆపమనలేదని ఏడాది పొడుగునా వేసుకుంటూ పోతే రక్తంలో కాల్షియం పెరిగి వికారం, నీరసం మొదలవుతాయి, అవి కూడా కళ్ళు తిరుగుడు ఖాతాలోనే పడతాయి. ఎన్ని వారాలో, ఎప్పుడు ఆపాలో చీటీ మీదే రాయించుకోండి.